కణితిలోని కరవు: పెద్దపేగు క్యాన్సర్‌లో విటమిన్ ఎ కథ

పెద్దపేగు లోపలి పొరలో కంటికి ఆనని గుంటలు సుమారు కోటి దాకా ఉంటాయి. వీటిని క్రిప్టులు అంటారు. ఒక్కో క్రిప్టు అడుగు మూసుకుపోయిన సన్నని గొట్టంలా పొరలోకి దిగి ఉంటుంది. దాని గోడ పొడవునా ఒకే వరస కణాలు. అడుగున కొద్దిపాటి మూలకణాలు ఉంటాయి. మనిషి బతికున్నన్నాళ్లూ అవి విభజన చెందుతూనే ఉంటాయి. కొత్తగా పుట్టిన కణాలు పాతవాటిని నెట్టుకుంటూ గోడ వెంట పైకి జరుగుతాయి. సగం దారి దాటేసరికి విభజన మానేసి ఏదో ఒక పనిలో కుదురుకుంటాయి. కొన్ని నీటిని, లవణాలను పీల్చుకుంటాయి. కొన్ని జిగురును స్రవిస్తాయి. మరికొన్ని హార్మోన్లను విడుదల చేస్తాయి. నాలుగైదు రోజులకు క్రిప్టు అంచుకు చేరి రాలిపోతాయి.

ఈ ప్రయాణాన్ని రెండు రకాల సంకేతాలు నడిపిస్తాయి. అడుగున బలంగా ఉండే వింట్ సంకేతం కణాలను విభజన చెందమంటుంది. పైకి వెళ్లేకొద్దీ అది సన్నగిల్లుతుంది, కణాన్ని పరిణతి వైపు మళ్లించే సంకేతాలు బలపడతాయి. ఈ రెండో రకానికి చెందిన ముఖ్యమైన అణువుల్లో రెటినాయిక్ ఆమ్లం ఒకటి. అది విటమిన్ ఎ నుంచి తయారవుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో కణాలు పరిణతికి రాకుండానే విభజన చెందుతూ పోతాయి. అందువల్ల ఈ అణువు కణితిలో ఏమవుతోందన్న ప్రశ్న పాతికేళ్లుగా పరిశోధకులను వెంటాడుతోంది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల మందికి పైగా కొత్తగా ఈ క్యాన్సర్ బారిన పడ్డారు. సుమారు 9 లక్షల మంది చనిపోయారు.

ఆహారంలో విటమిన్ ఎ రెండు రూపాల్లో అందుతుంది. పాలు, వెన్న, గుడ్లు, కాలేయం దాన్ని నేరుగా ఇస్తాయి. మునగాకు, తోటకూర, క్యారెట్, బొప్పాయి, మామిడిపండు బీటా కెరోటిన్ రూపంలో ఇస్తాయి. చిన్నపేగు కణాల్లోని బీసీఓ1 అనే ఎంజైము బీటా కెరోటిన్ అణువును సరిగ్గా నడిమికి విరిచి రెండు రెటినాల్డిహైడ్ అణువులుగా మారుస్తుంది. అవి రెటినాల్‌గా మారి, కొవ్వు ఆమ్లాలతో జతకట్టి, కాలేయానికి చేరతాయి. శరీరంలోని విటమిన్ ఎలో అత్యధిక భాగం అక్కడి స్టెల్లేట్ కణాల్లోనే నిల్వ ఉంటుంది. అవసరాన్ని బట్టి కాలేయం దాన్ని ఆర్‌బీపీ4 అనే వాహక ప్రోటీన్‌కు తగిలించి రక్తంలోకి వదులుతుంది. కాలేయంలో నిల్వలు ఉన్నంతకాలం రక్తంలో రెటినాల్ స్థాయి పెద్దగా మారదు. రక్తపరీక్షలో ఈ అంకె బాగుందంటే కాలేయం తన పని తాను చేస్తోందని మాత్రమే అర్థం. ఫలానా అవయవంలోని ఫలానా కణం ఆ రెటినాల్‌ను ఏం చేసుకుంటోందో ఆ పరీక్ష చెప్పలేదు.

రెటినాల్ కణంలోకి వచ్చాక రెండు అడుగుల్లో రెటినాయిక్ ఆమ్లం అవుతుంది. మొదటి అడుగులో రెటినాల్ డీహైడ్రోజినేజ్ ఎంజైములు దాన్ని రెటినాల్డిహైడ్‌గా మారుస్తాయి. ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది, కావాలంటే కణం దాన్ని తిరిగి రెటినాల్ చేసుకోగలదు. రెండో అడుగులో ఏఎల్‌డీహెచ్1ఏ కుటుంబపు ఎంజైములు రెటినాల్డిహైడ్‌ను రెటినాయిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఇక్కడి నుంచి వెనక్కి దారి లేదు. తయారైన ఆమ్లాన్ని వాడుకోవాలి, లేదా నాశనం చేయాలి. నాశనం చేసే పని సిప్26 కుటుంబానికి చెందిన మూడు ఎంజైములది: సిప్26ఏ1, సిప్26బీ1, సిప్26సీ1. అంటే ఒక కణంలో రెటినాయిక్ ఆమ్లం ఎంత ఉందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: అక్కడ ఎంత తయారవుతోంది, ఎంత విరిగిపోతోంది. ఆ రెండింటినీ నిర్ణయించేది ఆ కణంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయన్నదే.

విటమిన్ ఎకు, కణాల పరిణతికి సంబంధం ఉందన్న సంగతి జన్యువుల గురించి తెలియకముందే బయటపడింది. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎల్మర్ మెకాలమ్, మార్గరీట్ డేవిస్ వెన్నలోనూ గుడ్డు సొనలోనూ ఎలుకల ఎదుగుదలకు తప్పనిసరైన, కొవ్వులో కరిగే పదార్థం ఒకటి ఉందని చూపారు. 1925లో వోల్‌బాక్, హౌ అనే హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఆ పదార్థం అందని ఎలుకల అవయవాలను కోసి చూశారు. శ్వాసనాళం, లాలాజల గ్రంథులు, మూత్రమార్గం లోపల సహజంగా తడిగా, మెత్తగా ఉండాల్సిన పొర స్థానంలో చర్మంలాంటి గరుకైన, కెరటిన్ నిండిన కణాలు పేరుకుపోయి కనిపించాయి. వాటి విభజన మందగించలేదు. ఏ కణంగా ఎదగాలన్న నిర్ణయమే తప్పుదారి పట్టింది. ఈ పరిశీలన విలువ పూర్తిగా అర్థం కావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

1987లో ఫ్రాన్స్‌లో పియర్ షాంబోన్ బృందం, అమెరికాలో రోనల్డ్ ఎవాన్స్ బృందం వేర్వేరుగా ఒకే ప్రోటీన్‌ను కనుగొన్నాయి. అది రెటినాయిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకం. సంక్షిప్తంగా ఆర్‌ఏఆర్ అంటారు. కణం ఉపరితలం మీద ఉండే చాలా గ్రాహకాలకు భిన్నంగా ఇది కేంద్రకంలోనే, డీఎన్‌ఏ మీదే కూర్చుని ఉంటుంది. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకం దీనికి జత. రెటినాయిక్ ఆమ్లం లేనప్పుడు ఈ జంట తన చుట్టూ అణచివేత ప్రోటీన్లను పోగుచేసుకుని, పక్కనున్న జన్యువును మూసి ఉంచుతుంది. ఆమ్లం వచ్చి అతుక్కోగానే గ్రాహకం ఆకృతి మారుతుంది. అణచివేత ప్రోటీన్లు తప్పుకుని సహాయక ప్రోటీన్లు వస్తాయి. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవడం మొదలవుతుంది. ఇలా ప్రభావితమయ్యే జన్యువులు వందల్లో ఉంటాయి. కణం విభజన ఆపేవి, పరిణతిని నడిపించేవి వాటిలో ఉన్నాయి. రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆర్‌ఏఆర్ బీటా జన్యువు కూడా ఈ ఆమ్లం పిలుపుకే పలుకుతుంది. అంటే గ్రాహకం తన సంఖ్యను తానే పెంచుకుంటుంది. సిప్26ఏ1 జన్యువు కూడా పలుకుతుంది. అంటే ఆమ్లం పెరిగితే దాన్ని విరిచే ఎంజైమూ పెరుగుతుంది. ఆరోగ్యమైన కణంలో ఈ అదుపు చాలా మేలు చేస్తుంది. చికిత్సకు మాత్రం ఇదే పెద్ద అడ్డంకిగా మారుతుంది.

పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగం ఒకే జన్యువు దెబ్బతినడంతో మొదలవుతాయి. దాని పేరు ఏపీసీ. 5వ క్రోమోజోమ్ మీద ఉన్న ఈ జన్యువును 1991లో గుర్తించారు. యవ్వనంలోనే పేగు నిండా పాలిప్‌లనే చిన్న బొడిపెలు వందలకొద్దీ మొలిచే వంశపారంపర్య వ్యాధికి ఇదే కారణం. వంశపారంపర్యం కాని పెద్దపేగు క్యాన్సర్లలోనూ దాదాపు 80 శాతంలో ఇది దెబ్బతిని ఉంటుంది. వింట్ సంకేతాన్ని కేంద్రకానికి మోసుకెళ్లే బీటా కెటెనిన్ అనే ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు నాశనం చేయడం ఏపీసీ చేసే ప్రధానమైన పని. ఏపీసీ పోతే బీటా కెటెనిన్ పేరుకుపోతుంది. క్రిప్టు అడుగున మాత్రమే వినిపించాల్సిన విభజన సంకేతం పైదాకా వినిపిస్తూ పోతుంది. పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జోన్స్ బృందం దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. పెద్దపేగు కణితుల్లోనూ, వాటి పక్కనున్న ఆరోగ్యకరమైన పొరలోనూ ఏయే జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో పోల్చి చూసినప్పుడు రెటినాల్‌ను రెటినాల్డిహైడ్‌గా మార్చే రెండు ఎంజైములు కణితుల్లో బాగా పడిపోయి కనిపించాయి: డీహెచ్‌ఆర్‌ఎస్9, ఆర్‌డీహెచ్5. ఇవి ముదిరిన క్యాన్సర్‌లోనే కాదు, ఇంకా క్యాన్సర్‌గా మారని పాలిప్‌ల దశలోనే తగ్గిపోయాయి. ఏపీసీ లేని క్యాన్సర్ కణాల్లోకి మంచి ఏపీసీని తిరిగి ప్రవేశపెడితే డీహెచ్‌ఆర్‌ఎస్9 తిరిగి పుంజుకుంది. పేగు కణాల గుర్తింపును కాపాడే సీడీఎక్స్2 అనే ప్రోటీన్ ఈ సంబంధంలో మధ్యవర్తి అని 2004లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

కణితిలో ఒక ఎంజైము తక్కువగా ఉందని తెలిసినంత మాత్రాన అదే కారణమని చెప్పలేం. ఫలితమూ కావచ్చు. ఆ తేడా తేల్చడానికి అదే బృందం జీబ్రాచేపను ఎంచుకుంది. జీబ్రాచేప పిండం పారదర్శకంగా ఉంటుంది. గుడ్డు ఫలదీకరణం చెందిన నాలుగైదు రోజుల్లోనే పేగు రూపుదిద్దుకోవడం సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. ఏపీసీ పనిచేయని పిండాల్లో పేగు గొట్టం ఏర్పడింది గానీ కణాలు పరిణతికి రాలేదు. పేగు కణం ఎదిగిందనడానికి గుర్తుగా వాడే, కొవ్వు ఆమ్లాలను పట్టుకునే ఒక ప్రోటీన్ వాటిలో కనిపించలేదు. రెటినాల్ డీహైడ్రోజినేజ్ ఎంజైములూ తక్కువే. అప్పుడు పిండాలు ఈదే నీటిలో రెటినాయిక్ ఆమ్లం కలిపారు. ఏపీసీ లోపం అలాగే ఉంది, జన్యువును ఎవరూ బాగుచేయలేదు. అయినా ఆ పరిణతి గుర్తు తిరిగి కనిపించింది. ఏపీసీ పోవడం వల్ల జరిగే నష్టంలో కనీసం కొంత రెటినాయిక్ ఆమ్లం కొరత ద్వారానే జరుగుతోందనడానికి ఇంత సూటి ఆధారం మరొకటి దొరకడం కష్టం.

తయారీ తగ్గడం ఒక్కటే కాదు, నాశనమూ పెరుగుతోంది. 2006లో అదే పరిశోధకులు ఏపీసీ లేని చేపల్లోనూ, చిట్టెలుకల్లోనూ, మనుషుల కణితుల్లోనూ సిప్26ఏ1 పెరిగిందని, ఆ పెరుగుదలకు వింట్ సంకేతమే కారణమని చూపారు. 2014లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ పరిశోధకులు పెద్దసంఖ్యలో రోగుల కణితి ముక్కలను పరీక్షించి, సిప్26 కుటుంబంలోని మూడు ఎంజైముల స్థాయులూ క్యాన్సర్‌లో మారిపోయాయని, సిప్26బీ1 ఎక్కువగా ఉన్నవారి బతుకు అవకాశాలు తక్కువని గమనించారు. జలాశయం నిండుకుండలా ఉన్నా, పై తూములు మూసేసి మధ్యలో కాలువకు గండ్లు కొడితే చివరి ఆయకట్టు ఎండుతుంది. పెద్దపేగు కణితిలో రెటినాయిక్ ఆమ్లం పరిస్థితి సరిగ్గా ఇదే. రక్తంలో రెటినాల్ కావలసినంత ఉన్నా కణం దాన్ని వాడుకునే రూపంలోకి మార్చుకోదు. మార్చుకున్న కాస్తనూ నిలవనివ్వదు.

మూడో దెబ్బ డీఎన్‌ఏ మీదే పడుతుంది. జన్యువు ముందుభాగానికి మిథైల్ గుంపులు అతుక్కుంటే, జన్యువులోని అక్షరాలు ఒక్కటీ మారకపోయినా అది మూగబోతుంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఆర్‌ఏఆర్ బీటా జన్యువు ఇలా మూతపడటం తరచుగా కనిపిస్తుంది. రెటినాల్‌ను కణంలో పట్టి ఉంచే ఆర్‌బీపీ1 జన్యువూ అనేక క్యాన్సర్లలో ఇదే విధంగా మూతపడుతుందని 2002లో స్పెయిన్ శాస్త్రవేత్త మానెల్ ఎస్టెల్లర్ బృందం చూపింది. గ్రాహకమే లేని కణానికి బయటి నుంచి ఎంత రెటినాయిక్ ఆమ్లం ఇచ్చినా అది స్పందించదు.

ఇంతవరకు చెప్పినది విని, కణితిలో రెటినాయిక్ ఆమ్లం తయారుచేసే ఎంజైములన్నీ పడిపోయి ఉంటాయనుకుంటే పొరపాటు. ఏఎల్‌డీహెచ్1ఏ1 విషయం అంత సులువుగా తేలలేదు. ఈ ఎంజైము ఎక్కువగా ఉన్న కణాలు మామూలు క్రిప్టులో అడుగున మూలకణాల చోటే ఉంటాయి. క్యాన్సర్ ముదిరేకొద్దీ అలాంటి కణాల సంఖ్య పెరుగుతుందని 2009లో అమెరికన్ పరిశోధకులు చూపారు. అప్పటి నుంచి దీన్ని క్యాన్సర్ మూలకణాలను గుర్తించే చిహ్నంగా వాడుతున్నారు. పరిణతికి దారితీసే అణువును తయారుచేసే ఎంజైము పరిణతే లేని కణాల్లో ఎందుకుంటుంది? అదే కణాల మీద తర్వాత జరిగిన ప్రయోగాల్లో రెటినాయిక్ ఆమ్లం వాటి సంఖ్యను తగ్గించి, పరిణతి వైపు నెట్టింది. ఈ మూలకణాలు ఆ సంకేతాన్ని వినగలవు, విన్నప్పుడు లొంగుతాయి.

వినడం ఎలా జరుగుతుందో 2015లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో యోర్గ్ హ్యుల్స్‌కెన్ బృందం కొంత విప్పి చూపింది. హాక్సా5 అనే జన్యువు పెద్దపేగులో మూలకణ స్వభావాన్ని అణచి, పరిణతికి దారిచ్చేది. వింట్ సంకేతం దాన్ని నొక్కి ఉంచుతుంది. హాక్సా5ను తిరిగి పనిచేయిస్తే అది వింట్ సంకేతాన్నే ఎదురుతిరిగి అణచివేస్తుంది. దాన్ని పనిచేయించగల పదార్థాల్లో రెటినాయిక్ ఆమ్లం ఉంది. చిట్టెలుకల్లో ఈ మార్గం ద్వారా కణితులు కుంచించుకుపోయాయి, ఇతర అవయవాలకు పాకడమూ తగ్గింది. వింట్, రెటినాయిక్ ఆమ్లం ఒకదాన్నొకటి తొక్కిపట్టే సంకేతాలని, ఏది గెలిస్తే కణం ఆ దారినే పోతుందని ఈ ఫలితం చెబుతోంది.

కథ కణితి కణాలతో ముగియదు. పేగు గోడలోని రోగనిరోధక వ్యవస్థ కూడా రెటినాయిక్ ఆమ్లం మీదే ఆధారపడుతుంది. పేగులోని డెండ్రిటిక్ కణాలు ఈ ఆమ్లాన్ని తయారుచేసి టీ కణాలకు అందిస్తాయి. దాన్ని అందుకున్న టీ కణాలే రక్తప్రవాహం నుంచి దారి వెతుక్కుని పేగుకు తిరిగి చేరతాయని 2004లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. అలాంటప్పుడు కణితి చుట్టూ ఈ ఆమ్లం కరవైతే ఏం జరుగుతుంది? 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్గార్ ఎంగిల్‌మన్ బృందం ఆ ప్రశ్నకు సమాధానం వెతికింది. దీర్ఘకాలపు పేగువాపు నుంచి క్యాన్సర్ పుట్టేలా చేసిన చిట్టెలుకల పెద్దపేగులో రెటినాయిక్ ఆమ్లం గణనీయంగా తగ్గిపోయి ఉంది. పేగులోని సూక్ష్మజీవులు రేపిన వాపు వల్ల తయారీ ఎంజైములు, నాశక ఎంజైముల పాళ్లు తారుమారు కావడమే దానికి కారణం. రెటినాయిక్ ఆమ్లం ఇచ్చిన చిట్టెలుకల్లో కణితుల భారం తగ్గింది. దాని సంకేతాన్ని అడ్డుకున్నవాటిలో పెరిగింది. ఈ ప్రయోజనం సీడీ8 టీ కణాల ద్వారానే వచ్చింది. రెటినాయిక్ ఆమ్లం వల్ల కణితి కణాల మీద ఎంహెచ్‌సీ-1 అనే ప్రోటీన్ పెరిగింది. ఆ ప్రోటీన్ ఉంటేనే టీ కణం ఎదుటి కణాన్ని శత్రువుగా గుర్తుపట్టగలదు. రోగుల కణితి ముక్కల్లోనూ అదే తీరు కనిపించింది. సిప్26ఏ1 ఎక్కువ ఉన్నచోట సీడీ8 కణాలు తక్కువ, వ్యాధి గతి కూడా అధ్వానం.

ఇదంతా తెలిశాక, విటమిన్ ఎ మాత్రలు మింగితే పెద్దపేగు క్యాన్సర్‌ను ఆపవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. ఆ ఆలోచనను పెద్ద ఎత్తున పరీక్షించారు. ఫలితాలు నిరాశపరిచాయి, కొన్నిచోట్ల మాత్రలు హాని కూడా చేశాయి. అమెరికాలో పాలిప్‌లు తొలగించిన 864 మంది మీద జరిగిన పరీక్షలో రోజూ 25 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ నాలుగేళ్లు ఇచ్చినా కొత్త పాలిప్‌లు తగ్గలేదని 1994లో తేలింది. అదే ఏడాది ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చిన మరో అమెరికన్ పరీక్షలో ఈ పెరుగుదల 28 శాతానికి చేరడంతో 1996లో దాన్ని ముందుగానే ఆపేశారు. విటమిన్ ఎ కాలేయంలో పేరుకుపోయే పదార్థం. అతిగా తీసుకుంటే కాలేయానికి, ఎముకలకు, గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. క్యాన్సర్ భయంతో దీని మాత్రలను సొంతంగా కొని వాడటానికి ఏ శాస్త్రీయ ఆధారమూ లేదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

నిజమైన విటమిన్ ఎ లోపం వేరే సమస్య. దాని బాధ తెలుగు నేలకు బాగా తెలుసు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే, రేచీకటిని, చూపు పోవడాన్ని నివారించడానికి పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ తాగించే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ లోపంలో కాలేయం నిల్వలే అడుగంటుతాయి, రక్తంలో స్థాయి పడిపోతుంది, బయటి నుంచి ఇస్తే తిరిగి నిండుతుంది. పైగా పిల్లల్లో ఈ లోపం విస్తారంగా ఉన్న దశాబ్దాల్లో కూడా భారతదేశంలో పెద్దపేగు క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాలకంటే చాలా తక్కువే. ఆయుర్దాయం, ఆహారం, ఊబకాయం వంటి తేడాలు అందులో ఎన్నో కలిసి ఉన్నాయి. కాబట్టి దాన్నుంచి విటమిన్ ఎ గురించి ఏ సూత్రమూ లాగలేం. కానీ పళ్లెంలోని లోటును, కణితిలోని లోటును ఒకే గాటన కట్టరాదని మాత్రం అది గుర్తుచేస్తుంది.

రెటినాయిక్ ఆమ్లం మందుగా పనిచేసిన గొప్ప ఉదాహరణ రక్తక్యాన్సర్‌లో ఉంది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే అరుదైన రకంలో ఆర్‌ఏఆర్ ఆల్ఫా జన్యువు మరో జన్యువుతో అతుక్కుపోయి, రక్తకణాల పరిణతిని ఆపేస్తుంది. చైనాలోని షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 24 మంది రోగులకు రెటినాయిక్ ఆమ్లం ఇచ్చి, అందరిలోనూ వ్యాధి పూర్తిగా అణగిందని 1988లో ప్రకటించింది. క్యాన్సర్ కణాలను చంపకుండా, వాటిని పరిణతి చెందించి వ్యాధిని అణచవచ్చని అది నిరూపించింది. ఇప్పుడు ఆర్సెనిక్‌తో కలిపి ఇచ్చే ఆ చికిత్సతో ఈ రోగుల్లో అత్యధికులు కోలుకుంటున్నారు.

పెద్దపేగు కణితిలో ఆ విజయం ఎందుకు రాలేదో పైన చెప్పిన జన్యువుల తీరే వివరిస్తుంది. ల్యుకేమియాలో దెబ్బతిన్నది ఒకే గ్రాహకం, మందు పనిచేసేది దాని మీదే. పెద్దపేగులో తయారీ, నాశనం, గ్రాహకం మూడూ దెబ్బతింటాయి. ఏ రోగిలో ఏది ఎంత దెబ్బతిందో ఒకేలా ఉండదు. దీనికి తోడు రెటినాయిక్ ఆమ్లాన్ని రోజూ ఇస్తూపోతే అది తన నాశక ఎంజైమును తానే పెంచుకుని, కొద్ది వారాల్లో రక్తంలో మందు స్థాయి పడిపోతుంది. ల్యుకేమియా రోగుల్లోనే ఇది గమనించారు. సిప్26ఏ1 ముందే పెరిగి ఉన్న పెద్దపేగు కణితిలో ఈ సమస్య ఇంకా తీవ్రంగా ఉంటుందనుకోవడం సబబు.

అందుకే ఇప్పటి ప్రయత్నాలు ఒక్క రెటినాయిక్ ఆమ్లాన్నే నమ్ముకోవడం లేదు. సిప్26 ఎంజైములను అడ్డుకునే లియరజోల్, తలరజోల్ వంటి అణువులను ఇప్పటికే చర్మవ్యాధుల కోసం మనుషుల్లో పరీక్షించారు. ఇలాంటివాటిని తోడుగా ఇస్తే కణంలో ఉన్న ఆమ్లం నిలుస్తుంది. ఆర్‌ఏఆర్ బీటా మూతపడిన కణితుల్లో ముందుగా మిథైల్ గుంపులను తొలగించే మందులు ఇచ్చి గ్రాహకాన్ని తెరవడం మరో దారి. ఎంహెచ్‌సీ-1 పెరుగుదల చూశాక, రోగనిరోధక చికిత్సకు తోడుగా రెటినాయిక్ ఆమ్లాన్ని వాడవచ్చా అన్నది మూడోది. ఏ దారి పట్టినా మొదటి పని ఒకటే: బయాప్సీలో తీసిన కణజాలంలో డీహెచ్‌ఆర్‌ఎస్9, సిప్26ఏ1, ఆర్‌ఏఆర్ బీటా స్థాయులు కొలిచి, ఆ రోగి కణితిలో దారి ఎక్కడ తెగిందో కనిపెట్టడం.